శబ్ద మెటనుండి వచ్చెను? – రెండు చెవుల లెక్క

జంషెడ్‌పూరు నగరమున బిస్టుపూరు పేటలో ఆంధ్రభక్త శ్రీరామ మందిర మొకటి కలదు. ఉక్కు కర్మాగారములలో పని వెదకికొనుచు శ్రీకాకుళము, విశాఖపట్టణము మున్నగు జిల్లాలనుండి వెళ్ళి అచట స్థిరపడిన తెలుగువారి కది పరిచితమైన స్థలము. రామాయణము వినిన వారెవరికిని దశరథుని శబ్దవేధి విద్య క్రొత్త కాదు. సరయూ తీరమున, చీకటిలో, కడవ మునుగుచున్న బుడబుడ ధ్వని విని, ఏనుగు నీరు త్రావుచున్నదని యెంచి, ఆయన కంటికి కనబడని గురిమీద బాణము వేసెను. బాణము గురి తప్పలేదు. కాని తగిలినది ఏనుగునకు కాదు, మునికుమారునకు.

ఈ కథలో వైద్యశాస్త్రము గమనింపదగిన అంశ మొకటి యున్నది. దశరథుని చెవులకు రెండు ప్రశ్నలు ఎదురైనవి. ఆ ధ్వని యేమిటిది? ఆ ధ్వని యెచటిది? మొదటి ప్రశ్నకు ఆయన పొరపడెను. రెండవ ప్రశ్నకు మాత్రము వెండ్రుకవాసి తేడా లేకుండ సమాధానము లభించెను. (జంషెడ్‌పూరునకు చేరువలోని దల్మా కొండలలో నేటికిని ఏనుగులు తిరుగుచున్నవి. రాత్రివేళ కొమ్మ విరిగిన చప్పుడు ఏ ప్రక్కనుండి వచ్చినదో తెలియుట ఆ ప్రాంతపు పల్లెవాసులకు పురాణ విషయము కాదు.)

ఏమిటి యన్న ప్రశ్నకు ఒక్క చెవి చాలును. ఎచట యన్న ప్రశ్నకు రెండు చెవులు కావలెను. ఈ భేదము తెలియకపోవుట చేతనే, ఒక చెవి వినికిడి పోయినవారు అనేకులు తమకు లోటేమియు లేదని భావించి సంవత్సరములు గడుపుదురు. పిలిచిన పలుకుదురు, సంభాషింతురు, పాట విందురు. లోటు బయటపడునది సాధారణముగా ప్రమాద సమయముననే.

చిన్ననాట చెవి కారి, కుడి చెవి వినికిడి పోగొట్టుకొనిన ఒక కార్మికుడు పెద్ద షెడ్డులో పనిచేయుచున్నాడనుకొందము. తలపైనుండు క్రేను కదలుటకు ముందు గంట మ్రోగినది. గంట అతనికి బాగుగనే వినబడినది. కాని అతని ఎడమ చెవి యొక్కటే పని చేయుచున్నందున, ప్రతి ధ్వనియు ఎడమ వైపుననే పుట్టినట్లు తోచును. అతడు ఎడమ వైపునకు చూచును; క్రేను కుడి వైపునుండి వచ్చుచుండును. వినబడలేదని ఎవరును అనలేరు. వినబడినది; దిక్కు మాత్రము తప్పినది.

1907 నాటి రెండు సంగతులు

టాటా ఇనుము, ఉక్కు కంపెనీ 1907వ సంవత్సరమున స్థాపింపబడినది. సాక్చి యను పల్లె పరిసరములలో దాని కర్మాగారము వెలసినది. 1912లో తొలి ఉక్కు తయారైనది. 1919లో ఆ పట్టణమునకు జంషెడ్‌పూరను పేరు వచ్చినది. కంపెనీ పుట్టిన ఆ 1907లోనే ఇంగ్లండులో రాలే ప్రభువు, శబ్దపు దిక్కును మానవుడు గుర్తించు విధమును గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఈ రెండు సంఘటనలకు పరస్పర సంబంధ మేమియు లేదు. అయినను ఆ వ్యాసములోని విషయము యంత్రముల నడుమ బ్రతుకువారి కందరికి పనికివచ్చునది.

రాలే 1904లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి నందిన పండితుడు. 1907కు దాదాపు ముప్పది సంవత్సరములకు పూర్వమే ఆయన పచ్చిక బయలున కండ్లు మూసికొని నిలిచి, చుట్టును మనుష్యులను నిలిపి, ఎవరు మాటాడిరో దిక్కునుబట్టి చెప్పుటకు ప్రయత్నించెను. మనుష్యుల కంఠధ్వనులను తేలికగ గుర్తింపగలిగెను. శ్రుతిదండముల స్వచ్ఛమైన నాదము విషయమున మాత్రము, కుడి యెడమలు తెలిసినవే గాని, ముందు వెనుకల భేదము తెలియలేదు.

ఆనాటి పండితులు సాధారణముగా చెప్పిన కారణ మిది: శబ్దమునకు దగ్గరగా నున్న చెవికి గట్టిగను, తల అడ్డమువచ్చు రెండవ చెవికి మెల్లగను వినబడును, ఆ హెచ్చుతగ్గుల ననుసరించి దిక్కు తెలియును. ఇది వినుటకు బాగుగనే యున్నది. కాని రాలే లెక్కకట్టి చూడగా, మంద్రస్థాయి నాదములకు తల అడ్డమే కాదని తేలినది. పొడుగాటి అలలు నదిలోని గుంజను చుట్టుకొని పోయినట్లు, అవి తలను చుట్టుకొని రెండవ చెవికిని ఇంచుమించు అదే బలముతో చేరును. మరి వాని దిక్కు మన కెట్లు తెలియుచున్నది? దానికి సమాధానము కాలము. రాలే కొంచెము శ్రుతిభేదము గల రెండు శ్రుతిదండముల నాదములను గొట్టముల ద్వారా వేరువేరుగ రెండు చెవులకు పంపెను. అలల శిఖరములు ఒక చెవిలో ముందును, మరియొక చెవిలో వెనుకను పడుచుండగా, నాదము కుడినుండి యెడమకు, ఎడమనుండి కుడికి జరుగుచున్నట్లు తోచెను.

సెకనులో లక్షవ వంతు

గాలిలో శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్ల వేగముతో నడచును. సరిగా కుడి ప్రక్కనుండి వచ్చు శబ్దము ముందుగా కుడి చెవిని చేరి, తల వంపును చుట్టి, ఎడమ చెవిని చేరుటకు ఇంచుమించు 22 లేక 23 సెంటీమీటర్లు అదనముగా నడువవలెను. అందుకు పట్టు కాలము, సెకనును పదివేల భాగములు చేసిన, అందు ఆరేడు భాగములు మాత్రమే. రెండు చెవుల కాలభేదము ఇంతకంటె ఎన్నడును హెచ్చు కాదు. శబ్దము నేరుగ ముందునుండి వచ్చినచో భేదము శూన్యము.

ఈ స్వల్ప కాలములోనే మెదడు దిక్కులన్నిటిని అమర్చుకొనుచున్నది. శబ్దము ఎదుటనున్నపుడు అది ఒక్క డిగ్రీ ప్రక్కకు జరిగినను, అనుకూల పరిస్థితులలో, మానవుడు గుర్తింపగలడు. ఆ ఒక్క డిగ్రీకి సమమగు కాలభేదము సుమారు సెకనులో లక్షవ వంతు. మనము అతి స్వల్పమను రెప్పపాటు దీనికి పదివేల రెట్లకు తక్కువ కాదు.

దీనిని ఇంటివద్దనే పరీక్షించుట సులభము. సుమారు మీటరు పొడవుగల మెత్తని రబ్బరు గొట్టము నొకదానిని తీసికొని, దాని రెండు కొనలను రెండు చెవుల కడ్డముగ తేలికగ ఆనించి పట్టుకొనవలెను. చెవి లోనికి దూర్చరాదు. గొట్టము వీపు వెనుకకు వ్రేలాడవలెను. రెండవ వారు దాని సరిగా నడిమి భాగమున పెన్సిలుతో మెల్లగ తట్టినచో, చప్పుడు తల మధ్యను తోచును. ఆ నడిమినుండి ఒక సెంటీమీటరు కుడికి జరిపి తట్టినచో, కుడి చెవికి త్రోవ రెండు సెంటీమీటర్లు దగ్గరగును. కాలభేదము సెకనులో సుమారు పదునేడు వేలవ వంతు. అయినను వినువాడు కండ్లు మూసికొనియే, ‘కుడి’ అని చెప్పగలడు. పిల్లలకు ఇది మంచి వినోదము. గట్టిగ కొట్టకుండ చూచుట పెద్దల పని.

ఐతే కాలమును కొలుచు ఈ పద్ధతి కొక హద్దున్నది. సెకనుకు 500 కంపనములు గల నాదపు అల పొడవు ఇంచుమించు 69 సెంటీమీటర్లు. అది తలకంటె చాల పెద్దది. కావున ఒక చెవిలోని శిఖరమునకు రెండవ చెవిలో జోడైన శిఖర మేదో తెలిసికొనుటలో చిక్కులేదు. కంపనములు 1500 దాటినపుడు అల పొడవు 23 సెంటీమీటర్లకు తగ్గి, తలను చుట్టి రెండవ చెవిని చేరు అదనపు దూరముతో పోటీ పడును. అప్పు డేది యే శిఖరమో తెలియక లెక్క తారుమారగును. ప్రకృతి యేర్పాటు ఎంత పొందికగా నున్నదనగా, కాలపు లెక్క చెల్లకుండపోవు ఆ స్థాయి పైననే తల నిజముగ అడ్డము కాజొచ్చును. పొట్టి అలలు తలను చుట్టుకొని పోజాలవు. ఆవలి చెవి నీడలో పడును. సెకనుకు కొన్ని వేల కంపనములు గల ధ్వని ప్రక్కనుండి వచ్చినచో, రెండు చెవులకు నడుమ 20 డెసిబెల్లుల వరకు తేడా రావచ్చును. కావున పాతవారు చెప్పిన హెచ్చుతగ్గుల సిద్ధాంతమును రాలే కొట్టివేయలేదు. దాని పొలిమేర గీచెను. మంద్రమునకు కాలము, తారమునకు బలము. మనుష్యుల మాట, తలుపు చప్పుడు, ఆకుల గలగల మున్నగు నిత్యజీవిత శబ్దములలో రెండు స్థాయిలును కలిసియే యుండును గనుక, మెదడునకు రెండు సాక్ష్యములు ఒకేసారి లభించును.

ఈ సాక్ష్యములను విచారించు స్థలములు మెదడు అడుగుభాగమున, వెన్నుపాముతో కలియు చోటికి కొంచెము పైగా నున్నవి. ఒలీవు కాయను పోలిన ఆకారము గల ఆ నాడీకణ సముదాయములలో ఒకటి, రెండు చెవులనుండి వచ్చు సంకేతముల రాకలోని కాలమును పోల్చును. దాని ప్రక్కనున్నది బలమును పోల్చును: తన వైపు చెవి దానిని ప్రోత్సహించును, ఆవలి చెవి దానిని అణచును, మిగిలినదే ఫలితము. త్రాసు పనియే యిది. మనము తెలిసి చేయునది ఇందులో నేమియు లేదు. పిలుపు వినుటయు, తల తిరుగుటయు ఒక్కసారియే జరిగినట్లుండును.

ముందా, వెనుకా?

రాలేకు శ్రుతిదండముతో కలిగిన చిక్కు అందరికిని కలుగును. ఎదుటనుండి వచ్చు శబ్దమునకును, సరిగా వెనుకనుండి వచ్చు శబ్దమునకును కాలభేదము లేదు, బలభేదమును లేదు. ఈ చిక్కును విప్పుటకు మన కున్న ఉపాయములు రెండు. మొదటిది తల త్రిప్పుట. తలను కొంచెము కుడికి త్రిప్పినపుడు ఎడమ చెవి ముందు వినినచో శబ్దము ఎదుటిది. కుడి చెవి ముందు వినినచో అది వెనుకటిది. దీనిని వాలక్ అను శాస్త్రజ్ఞుడు 1940లో నిరూపించెను. రెండవది చెవిదొప్ప. దాని మడతలు కేవలము అలంకారమునకు, పోగులకు ఏర్పడినవి కావు. ముందునుండి, వెనుకనుండి, పైనుండి వచ్చు ధ్వనులలోని తారస్థాయి భాగములను ఆ మడతలు ఒక్కొక్క దిక్కున ఒక్కొక్క తీరుగ మార్చును. ఆ మార్పులను మెదడు బాల్యమునుండి నేర్చుకొనియున్నది. 1998లో నెదర్లాండ్సు దేశపు శాస్త్రజ్ఞులు కొందరి చెవిదొప్పలలో అచ్చులమర్చి మడతల రూపు మార్చగా, వారికి క్రిందు మీదుల భేదము చెడినది. కొన్ని వారములలో మరల అలవడినది. అచ్చులు తీసివేసినపుడు పాత విద్యయు చెడక నిలిచియుండెను.

మొదటి ప్రపంచయుద్ధమున విమానముల రాక కనిపెట్టుటకు సైనికులు పెద్ద కొమ్ముబూరల వంటి సాధనములను వాడిరి. రెండు బూరలను ఎడముగ నుంచి, వాని గొట్టములను రెండు చెవులకు కలుపుటచే, మనుష్యుని తల వెడల్పు ఎన్నో రెట్లు పెరిగినట్లగును, కాలభేదమును పెరుగును. రాడారు వచ్చిన పిమ్మట వాని అవసరము తీరినది.

కర్మాగారపు షెడ్డులో సంగతి వేరు. అచట ఒక్క చప్పుడు ఇనుపరేకుల కప్పునకు, గోడలకు, నేలకు తగిలి పలుమారులు వెనుకకు వచ్చును. ఐనను మెదడు మొదట చేరిన ధ్వనినే నమ్మి, వెనువెంటనే వచ్చు ప్రతిధ్వనుల దిక్కును లెక్కచేయదు. కాని యంత్రముల హోరు అధికమై ఆ మొదటి ధ్వనియే మునిగిపోయినచో, ఈ నేర్పు నిష్ఫలమగును. హెచ్చరిక ధ్వనియే ఒకే స్వరము గల కూత యైనచో కష్టము మరింత హెచ్చు. లారీలు వెనుకకు నడచునపుడు వినవచ్చు ‘బీప్ బీప్’ ధ్వని దూరమునకు వినబడును గాని, దిక్కు తెలుపుటలో బలహీనమైనది. అన్ని స్థాయిలును కలిసిన ‘ష్ ష్’ వంటి ధ్వని కాలము, బలము, చెవిదొప్ప మడతలు మూడింటికిని పని కల్పించును గనుక, అట్టి హెచ్చరికలును వాడుకలోనికి వచ్చినవి.

హోరు చేయు హాని

జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమున 8 గంటల పనిదినము 1912లోనే అమలునకు వచ్చినది. అనేక దేశములకంటె అది ముందు. ఆ 8 గంటల కాలమే చెవి విషయమునను కొలబద్ద. రోజునకు 8 గంటల పనికి 90 డెసిబెల్లులు హద్దని మన దేశమున చిరకాలముగ పరిగణించిరి. 85 డెసిబెల్లులనుండియే జాగ్రత్త పడవలెనని నిపుణులు చెప్పుదురు. కొలత పరికరము లేనివారికి సులభమైన గుర్తు కలదు. చేయి చాచిన దూరమున నున్న మనుష్యునితో కేకవేసి మాటాడవలసివచ్చినచో, అచటి హోరు చెవికి హానికరమనియే తలచవలెను.

లోచెవిలోని సన్నని రోమకణములు హోరుచే నశించును. నశించినవి మరల మొలవవు. ఆ నాశనము మొదట కనబడునది సెకనుకు ఇంచుమించు 4000 కంపనముల స్థాయియందు. ఇది తల నీడ బాగుగ పడు స్థాయి. చెవిదొప్ప మడతలు పనిచేయునదియు ఆ ప్రాంతము మొదలుకొని పై స్థాయిలలోనే. కావున హోరు తిన్న చెవికి మాటల శబ్దము వినబడుచున్నను, ముందు వెనుకల భేదము, క్రిందు మీదుల భేదము మెల్లగ మాసిపోవును. నొప్పి యుండదు, చీము రాదు. ఇంటిలో ఇతరులు, రేడియో గట్టిగ పెట్టుచున్నాడనియు, పరధ్యానము హెచ్చినదనియు అందురు.

చెవిరక్షకముల విషయమున దాచరాని మాట యొకటి కలదు. చెవులను పూర్తిగ కప్పు రక్షకములు చెవిదొప్ప మడతల పనిని ఆపివేయును. వానిని ధరించినవారు ముందు వెనుకలు తారుమారుగ గ్రహించుట పరీక్షలలో తేలినది. దిక్కు తెలియుట లేదని కార్మికులు వానిని తీసి మెడకు తగిలించుకొనుట సోమరితనము కాదు. వారి ఫిర్యాదులో నిజమున్నది. కాని వానిని తీసివేసినచో, ఈనాడు కలిగిన తాత్కాలికమైన లోటు కొన్ని యేండ్లలో శాశ్వతమగును. రక్షకములు ధరింపజేయు చోట క్రేను కదలికకు గంటతోపాటు వెలుగుచు ఆరు దీపమును, బండి నడచు త్రోవకు రంగు గీతలను, అవసరమైనచో జెండా పట్టిన మనిషిని ఏర్పాటు చేయుటయే సరియైన పద్ధతి. చెవి చేయలేని పనిని కంటి కప్పగించుట యన్నమాట.

ఒక చెవి పోవు మార్గములు

హోరు సాధారణముగా రెండు చెవులను బాధించును. ఒక్క చెవిని పాడుచేయు కారణములు వేరు. గులిమి గట్టిపడి అడ్డుపడుట వానిలో తేలికైనది. వైద్యుడు తీసివేసినచో వినికిడి మరలివచ్చును. పిల్లలకు జలుబుతో చెవిపోటు వచ్చి, చీము కారి, కర్ణభేరికి చిల్లు పడుట తరచుగ జరుగును. గవదబిళ్ళల వలన ఒక చెవి పూర్తిగ పోవచ్చును; జ్వరపు సందడిలో తల్లిదండ్రులు దానిని గమనింపకపోవచ్చును. చెంపపై కొట్టిన దెబ్బ గాలిని చెవిలోనికి నెట్టి కర్ణభేరిని చీల్చగలదు. బడిలోనైనను, ఇంటిలోనైనను చెంపదెబ్బ శిక్ష కాదు, గాయము. చెవి ప్రక్కనే ప్రేలిన టపాకాయయు అట్టిదే.

కాచిన నూనె పోయుట, వెల్లుల్లి రసము పిండుట, పిన్నీసుతోను, అగ్గిపుల్లతోను, కోడి యీకతోను కెలకుట మన యిండ్లలో నేటికిని పోలేదు. చిల్లు పడిన కర్ణభేరి మీద నూనె పోసినచో అది నడిమి చెవిలోనికి దిగి చీమును పెంచును. చెవి కారుచున్నపుడు దానిని పొడిగ నుంచి, నీరు చొరకుండ చూచుకొని, వైద్యునియొద్దకు పోవలెను. ఇక ఒకనాటి ఉదయమున లేచునప్పటికి ఒక చెవి హఠాత్తుగ వినబడకపోవుట అత్యవసర పరిస్థితి. గులిమి కాబోలునని వారము గడపరాదు. ఆ మొదటి కొద్ది దినములలో మొదలుపెట్టిన చికిత్సకే ఫలితము హెచ్చు.

ఒక చెవి లోటు కనిపెట్టుటకు ఇంటిలోనే మార్గము లున్నవి. టెలిఫోనును ఒకమారు కుడి చెవికి, ఒకమారు ఎడమ చెవికి ఆనించి అదే మాటను వినుట ఒకటి. పిల్లవాని కండ్లు మూయించి, గదిలో ఒక్కొక్క మూలనుండి తాళపుచెవుల గుత్తిని గలగలలాడించి, దిక్కును వ్రేలితో చూపుమనుట మరియొకటి. ఆరు మాసముల శిశువు చప్పుడు వచ్చిన వైపునకు తల త్రిప్పవలెను. ఎల్లప్పుడును ఒకే వైపునకు త్రిప్పుచున్నచో పరీక్ష చేయింపవలెను. ఇవి వైద్యపరీక్షకు బదులు కావు. వైద్యునియొద్దకు పోవలెనా యన్న సందేహమును తీర్చునవి. చెవుడును నివారించి, తొలిదశలో కనిపెట్టుటకై భారత ప్రభుత్వ ఆరోగ్యశాఖ ప్రారంభించిన జాతీయ కార్యక్రమము 2006–07లో మొదలైనది. వినికిడి శాస్త్రమునకు మైసూరులోని అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ 1965 నాటిది.

వినికిడి తగ్గినది రెండు చెవులకైనపుడు, పొదుపునకై ఒకే యంత్రమును కొనువారు పెక్కురు. ఒక యంత్రముతో మాట వినబడును, దిక్కు వినబడదు. వీలున్నంతవరకు రెండింటికిని అమర్చుకొనుమని వైద్యులు చెప్పుట అందుచేతనే.

ఇక ఒక చెవి తిరిగి రానివారి కొరకు ఇంటివారు, తోటివారు చేయదగినది కొంత కలదు. కుడి చెవి వినబడని పిల్లవానిని తరగతిలో ముందు వరుసయందు, నల్లబల్లకు ఎదురుగ కూర్చున్నపుడు తన కుడి వైపున గోడ యుండునట్లు కూర్చుండబెట్టినచో, మంచిదగు ఎడమ చెవి గదియంతటికిని తెరచియుండును. వానితో రోడ్డుమీద నడచువారు ఎడమ ప్రక్కను నడువవలెను. సైకిలు గంట వినబడినపుడు వాడు వెంటనే ఎడమకు చూచుట అలవాటు. ముందుగా కుడికి చూచుట వానికి నేర్పవలెను.